పేరు పేరునా

ప్రశ్న: ప్రభువు పేరట వందనాలండీ. మా మామగారు పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించారు. అప్పట్నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారికి బైబిలు చదివి వినిపిస్తున్నాను. ఆవిడకు చదువు రాదు. ఆదికాండము నుంచి వరసగా వస్తూ మొదటి దినవృత్తాంతముల దగ్గర ఆగిపోయాం. మూడు రోజులుగా అన్నీ పేర్లే. నాకు నోరు తిరగడం లేదు. "ఇంతమంది పేర్లు మనకెందుకే అమ్మాయ్?" అని ఆవిడ అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఈ తొమ్మిది అధ్యాయాలూ దాటేస్తే తప్పా? క్రిస్మస్‌కి మత్తయి మొదటి అధ్యాయం చదివినప్పుడు కూడా "అబ్రాహాము ఇస్సాకును కనెను" అనగానే "మగవాళ్లు కనడమేంటే!" అని నవ్వేశారు. ఆదాము నుంచి నోవహు దాకా పేర్ల అర్థాలు కలిపితే సువార్త మొత్తం వస్తుందని ఫోన్లో ఒక ప్రసంగం విన్నాం. అది నిజమేనా? మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ, ఏది నిజమమ్మా అంటున్నాడు. చివరిగా నా మాట ఒకటి. అత్తగారిది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. నేను పెళ్లికి రెండేళ్ల ముందే రక్షణ పొందాను. మా పుట్టింటివైపు విశ్వాసులు ఎవరూ లేరు. ఈ వంశావళులు చదువుతుంటే నాకు చెప్పుకోడానికి ఏమీ లేదే అనిపిస్తుంది.

— ఒక సహోదరి, పల్నాడు జిల్లా

సమాధానం:

అమ్మా, మీకూ మీ అత్తగారికీ వందనాలు.

దాటేస్తే తప్పు కాదు. నోరు తిరగని రాత్రి, నిద్ర ముంచుకొస్తున్న రాత్రి ఆ పేజీలు తిప్పేసి ఒక కీర్తన చదువుకుని పడుకోండి. వంశావళుల మీద తర్కాలు పెట్టుకోవద్దని పౌలే తిమోతికి రాశాడు, తీతుకూ రాశాడు. కాకపోతే, ఆ పేజీల్లో ఏమీ లేదు అనుకుని మాత్రం దాటకండి. ఉంది. కథ చదివినట్టు చదివితే దొరకదు, అంతే.

మా నాయనమ్మకూ చదువు రాదు. రాత్రి ప్రార్థనకు మోకరించిందంటే అరగంట పట్టేది. పెద్దకొడుకుతో మొదలుపెట్టేది. కొడుకు, కోడలు, వాళ్ల పిల్లలు వయసు వరసన. తర్వాత రెండో కొడుకు ఇల్లు. తర్వాత కూతుళ్లు, అల్లుళ్లు, వాళ్ల పిల్లలు. పుట్టిన వారానికే పోయిన మా చిన్నత్త పేరు కూడా ఆ వరసలో, దాని చోట దానికి, తప్పకుండా ఉండేది. అందర్నీ పేరు పేరునా. మేం పిల్లలం మోకాళ్ల మీదే కునికిపాట్లు పడేవాళ్లం. పక్కింటి వరస నడుస్తున్నంతసేపూ నిద్రే. మన ఇంటి వరస దగ్గర పడేసరికి ఎక్కడలేని మెలకువా వచ్చేది. నా పేరు పలికేటప్పుడు ఆమె గొంతు ఏమైనా మారుతుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. మారేది కాదు. పోయిన పసిబిడ్డనీ, ఉద్యోగంలో ఉన్న పెద్ద మనవడినీ, నన్నూ ఒకే గొంతుతో పిలిచేది. మా పేర్లకు అర్థమేమిటని ఆ ప్రార్థనలో ఎవరూ అడగలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ దేవుని ముందు నిలబెట్టడమే ఆ వరస చేసే పని.

బైబిల్లో ఏ జాబితా చదివినా నాకు ఆ గొంతే వినిపిస్తుంది. "ఇంతమంది పేర్లు మనకెందుకు" అంటే ముందుగా నేను చెప్పేది అదే. అవి మనకోసం అని మాత్రమే కాదు, వాళ్లకోసం కూడా. ఎవరూ తలచుకోని మనుషుల్ని ఒకరు వరసపెట్టి తలచుకుంటున్నారు. మనం పక్కన మోకరించి వింటున్నాం.

ఇక చదివే పద్ధతి. మీరు ఎలాగూ గట్టిగా చదివి వినిపిస్తున్నారు, సగం పని అక్కడే అయిపోయింది. ఇవి కంటికోసం రాసినవి కావు, చెవికోసం రాసినవి. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చి దరువు పడుతుంది. ఆ దరువు ఎక్కడ తప్పుతుందో అక్కడ ఆగండి. రాసినాయన మనసు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఒక రాత్రి వెనక్కి వెళ్లి ఆదికాండము అయిదో అధ్యాయం మళ్లీ చదవండి. ఆదాము 930 ఏళ్లు బ్రదికాడు, "మృతిబొందెను". షేతు 912 ఏళ్లు, మృతిబొందెను. ఎనోషు 905, కేయినాను 910, మహలలేలు 895, యెరెదు 962. ప్రతి ఒక్కరి చివరా అదే మాట, ఊళ్లో మందిరంలో చావుగంట కొట్టినట్టు. ఆరుసార్లు వరసగా మోగుతుంది. ఏడో మనిషి హనోకు. మిగతావాళ్లతో పోలిస్తే చాలా తక్కువకాలం, 365 ఏళ్లే ఉన్నాడు. గంట మోగాల్సిన చోట వేరే మాట వస్తుంది: "హనోకు దేవునితో నడిచిన తరువాత దేవుడతని తీసికొనిపోయెను గనుక అతడు లేకపోయెను." ఆ తర్వాత మెతూషెలకు, లెమెకుకు గంట మళ్లీ మొదలవుతుంది. మొత్తం ఎనిమిదిసార్లు. మీ ఇంట్లో ఏడాది కిందట ఆ గంట మోగింది కాబట్టి, ఆ ఒక్క చోట అది ఆగిపోవడం మీ అత్తగారికి మీకన్నా ముందు వినిపిస్తుందని నా నమ్మకం. చదివి కాసేపు ఊరుకోండి. వివరించకండి.

ఇప్పుడు ఆ ఫోను ప్రసంగం సంగతి. నేనూ విన్నాను. ఆదాము అంటే మనుష్యుడు, షేతు అంటే నియమింపబడినవాడు, ఎనోషు అంటే మరణించేవాడు, కేయినాను అంటే దుఃఖము, ఇలా పది పేర్లూ కలిపి, స్తుతినొందే దేవుడు దిగివచ్చి తన మరణంతో నిరాశలో ఉన్నవారికి నెమ్మది ఇస్తాడని ఒక వాక్యం చేస్తారు. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ అమ్మా, అది నిలవదు. కేయినానుకు దుఃఖమని, లెమెకుకు నిరాశ అని చెప్పడానికి హెబ్రీ భాషలో గట్టి ఆధారం లేదు. మెతూషెలకు "అతని మరణము తెచ్చును" అని చెప్పే అర్థం కూడా సాగదీసి తెచ్చిందే. వాక్యం ముందే మనసులో పెట్టుకుని దానికి సరిపడేలా అర్థాలు ఏరుకుంటే ఏ పది పేర్లతోనైనా ఏ వాక్యమైనా అల్లవచ్చు. చెప్పిన సేవకుడు మోసం చేస్తున్నాడని నేననను. ప్రేమతోనే చెప్పి ఉంటాడు. అయినా సువార్తకు ఇలాంటి ఊతకర్ర అక్కర్లేదు. మీ అబ్బాయిలాంటి పిల్లవాడు రేపు నిఘంటువు తీసి చూసి, ఇది అబద్ధమైతే అదీ అబద్ధమేనేమో అనుకుంటాడు. నాకు భయం అక్కడ.

నేను పాటించే నియమం చెబుతాను. పేరుకు అర్థం ఏమిటో వాక్యమే చెబితే తీసుకుంటాను. చెప్పకపోతే ఊరుకుంటాను. నోవహు పుట్టినప్పుడు, యెహోవా శపించిన నేల మీద మన చేతుల కష్టంలో ఇతడు మనకు నెమ్మది ఇస్తాడని లెమెకు అన్నాడు. ఆ అధ్యాయంలో ఒక తండ్రి నోరు విప్పి మాట్లాడింది ఆ ఒక్క చోటే. తరతరాలు చెమటోడ్చి విసిగిపోయిన రైతు మాట అది. దాని ముందు దాచిన సంకేతాలు ఎందుకు? అంకెలు కావాలంటే కాగితం మీద మీ అబ్బాయి చేత లెక్క వేయించండి. మెతూషెలకు 187 ఏళ్లప్పుడు లెమెకు పుట్టాడు, లెమెకుకు 182 ఏళ్లప్పుడు నోవహు, నోవహుకు 600 ఏళ్లప్పుడు జలప్రళయం. కూడితే 969. మెతూషెల ఆయుష్షు సరిగ్గా అంతే. పేజీ మీద పైకే ఉన్న సంగతి ఇది. ఎవరూ దాచలేదు.

ఇప్పుడు మీరు ఆగిపోయిన చోటికి వద్దాం. దినవృత్తాంతములు రాసిన కాలం గుర్తుపెట్టుకుంటే ఆ తొమ్మిది అధ్యాయాలు వేరేగా వినిపిస్తాయి. క్రీ.పూ. 586లో బబులోనువాళ్లు యెరూషలేమును తగలబెట్టారు. దేవాలయం పోయింది, రాజు పోయాడు, జనాన్ని చెరపట్టుకుపోయారు. క్రీ.పూ. 538లో పారసీక రాజైన కోరెషు వెళ్లమన్నాక కొందరు తిరిగి వచ్చారు. ఎజ్రా గ్రంథం 42,360 మంది అని లెక్క చెబుతుంది. వచ్చి చూస్తే గోడలు లేవు, సింహాసనం లేదు. ఉప్పెనకు ఇల్లు కొట్టుకుపోయినవాళ్లు నీళ్లు తీశాక బురదలో ఏం వెతుక్కుంటారో చూడండి. పెళ్లి ఫోటో, భూమి కాగితం, పిల్లల సర్టిఫికెట్లు. అలా వెతుక్కుంటున్న జనానికి ఒకాయన కూర్చుని రాసి ఇచ్చిన పుస్తకం ఇది. మొదటి వచనంలో క్రియ కూడా లేదు. "ఆదాము షేతు ఎనోషు." మూడే పేర్లు. మీరు ఎక్కడినుంచో ఊడిపడినవాళ్లు కాదు, మొదటి మనిషి దగ్గర్నుంచి దేవుడు మిమ్మల్ని లెక్కలో ఉంచాడు అని చెప్పడం.

ఆ లెక్కలో ఎవరెవరున్నారో చూడండి. రాజులు, యాజకులు ఉండడం వింత కాదు. నాలుగో అధ్యాయంలో సన్నపునార బట్టలు నేసే కుటుంబాలున్నాయి. ఆ పక్కనే కుమ్మరివాళ్లు. రాజుగారి పని చేస్తూ ఫలానా ఊళ్లో కాపురమున్నారని ఒక్క వచనం. ఏ యుద్ధమూ గెలవలేదు, ఏ అద్భుతమూ చూడలేదు. మగ్గం గుంటలో కూర్చున్నారు, సారె తిప్పారు. మన ఊళ్లలో చేనేతవాళ్ల పేర్లు, కుమ్మరుల పేర్లు ఏ రాజు శాసనంలో వరసగా చెక్కారో చెప్పండి. అదే అధ్యాయంలో యబ్బేజు ఉన్నాడు. అతని ప్రార్థన మన సంఘాల్లో అందరికీ కంఠతా వచ్చు, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. కాకపోతే ఆ ప్రార్థనకు ముందున్న మాట ఒకసారి నెమ్మదిగా చదవండి. వేదనపడి కన్నాను గనుక ఆ పేరు పెట్టానంటుంది తల్లి. సరిహద్దులు విశాలం చేయమనే మాట మీదే ప్రసంగాలన్నీ నడుస్తాయి, ఆ తల్లి పురిటినొప్పుల మీద ఒక్కటీ వినలేదు నేను.

రెండో అధ్యాయంలో షేషాను అనే ఆయనకు కొడుకులు లేరు, కూతుళ్లే. ఇంట్లో యర్హా అనే ఐగుప్తు దాసుడుంటే కూతుర్ని అతనికిచ్చి పెళ్లి చేశాడు. అక్కడితో ఆ వంశం తుడిచిపెట్టుకుపోవాలి లోకం లెక్కలో. కొడుకు లేడు, అల్లుడు పరాయిదేశపు పనివాడు. కానీ ఆ దంపతుల నుంచి కొడుకు, మనవడు, మునిమనవడు అంటూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పదమూడు తరాలు రాశారు. ఏ మినహాయింపూ చెప్పలేదు, సిగ్గుపడలేదు. యూదా వంశంలోనే కలిపి రాశారు.

మీ అత్తగారి దగ్గర తప్పకుండా ఆగాల్సింది ఏడో అధ్యాయంలో, ఇరవయ్యో వచనం నుంచి. ఎఫ్రాయిము కొడుకుల పేర్లు వరసగా వస్తుంటాయి. ఉన్నట్టుండి ఆ వరస తెగిపోతుంది. పశువుల కోసం వెళ్లిన కొడుకుల్ని గాతువాళ్లు చంపేశారు. తండ్రి చాలాకాలం దుఃఖించాడు, అన్నదమ్ములు వచ్చి ఓదార్చారు. తర్వాత ఇంకో కొడుకు పుడితే, నా ఇంటికి కీడు కలిగిందని చెప్పి బెరీయా అని పేరు పెట్టాడు. జాబితా రాస్తున్నాయన కలం ఆ చావు దగ్గర ఆగింది. పేర్లు రాసే పని పక్కన పెట్టి పరామర్శకు వెళ్లి చాపమీద కూర్చున్నాడు అనిపిస్తుంది నాకు. మామగారు పోయినప్పుడు మీ ఇంటికి వచ్చి కూర్చున్నవాళ్లు గుర్తున్నారు కదా, ఏమీ మాట్లాడకుండా. ఆ వెంటనే షెయెరా అనే ఆడపిల్ల పేరు వస్తుంది. ఆమె రెండు బేత్‌హోరోనులను, దిగువదాన్నీ ఎగువదాన్నీ కట్టించింది. చావు జరిగిన ఆ ఇంటి ఆడపిల్ల ఊళ్లు కట్టించిందని ఒక్క వచనం రాసి ముందుకు వెళ్లిపోతాడు. ఆమె గురించి ఇంకెక్కడా ఏమీ లేదు. నేను ఆ వచనం కింద గీత గీసుకున్నాను.

తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల పేర్లుంటాయి. దేవాలయం ద్వారాలు ప్రతి ఉదయం తెరిచేవాళ్లు, పాత్రలు లెక్కపెట్టి లోపలికి బయటికి ఇచ్చేవాళ్లు, సుగంధద్రవ్యాలు కలిపేవాళ్లు. షల్లూము పెద్దకొడుకు మత్తిత్యా పని ఏమిటంటే పెనం మీద కాల్చే రొట్టెలు చూసుకోవడం. ఆదాముతో మొదలైన వరస రొట్టెలు కాల్చే మనిషి దాకా, తెల్లవారి తలుపులు తీసే మనిషి దాకా వచ్చింది. మీ అత్తగారు ఎన్నేళ్లుగా తెల్లవారుజామున లేచి వాకిలి తీస్తున్నారో ఆవిణ్ణే అడగండి.

మిగతా పేర్లు, ఏ కథా లేనివి, నోరు తిరగనివి వందలున్నాయి. వాటిలోంచి ఏదో ఒకటి పిండాలని చూడకండి. తప్పు పలికినా ఫరవాలేదు. పలకడమే చాలు.

మీ అబ్బాయి ప్రశ్న మంచి ప్రశ్న. వాణ్ణి కసురుకోకండి. మత్తయి దావీదు తర్వాత సొలొమోను గుండా వస్తాడు, లూకా దావీదు ఇంకో కొడుకు నాతాను గుండా వెళ్తాడు. అందుకే పేర్లు వేరు. మధ్యలో షయల్తీయేలు, జెరుబ్బాబెలు దగ్గర కలిసి మళ్లీ విడిపోతారు. ఇది సంఘానికి కొత్తగా తెలిసిన సంగతి కాదు. మూడో శతాబ్దంలోనే ఆఫ్రికానస్ అనే క్రైస్తవ పండితుడు దీనికి ఒక వివరణ ఇచ్చాడు. యాకోబు, హేలీ ఒక తల్లి బిడ్డలని, ఒకరు పిల్లలు లేకుండా చనిపోతే మోషే ధర్మశాస్త్రం ప్రకారం రెండోవాడు ఆ భార్యను చేసుకున్నాడని, అందుకే యోసేపు కన్న తండ్రి ఒకరు, చట్టం లెక్కలో తండ్రి ఒకరు అని. లూకాది మరియ వైపు వంశమని చాలా తర్వాతి కాలంలో ఇంకొందరన్నారు, మన సంఘాల్లో ఎక్కువగా వినిపించేది అదే. రెండూ సాధ్యమే, రెంటికీ వాక్యంలో నేరుగా రుజువు లేదు. ఆ మాట వాడికి ఉన్నదున్నట్టు చెప్పండి. దాచి చెబితే వాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత, ఇద్దరూ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారో చూడమనండి. మత్తయి అబ్రాహాము దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తాడు, పద్నాలుగేసి తరాలుగా మూడు భాగాలు చేసి. దావీదు పేరులోని హెబ్రీ అక్షరాల విలువ కూడితే పద్నాలుగే. ఆ లెక్క కుదరడానికి అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజుల్ని వదిలేశాడు కూడా. అంటే అతను రిజిస్టరు నింపడం లేదు, దావీదు కుమారుడు వచ్చాడని పాడుతున్నాడు. లూకా యేసు బాప్తిస్మం దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తాడు. "నీవు నా ప్రియ కుమారుడవు" అన్న స్వరం అప్పుడే వినిపించింది. కుమారుడు, కుమారుడు అంటూ మెట్లెక్కి చివరికి ఆదాము దగ్గరికి వెళ్లి, ఆదాము దేవునికి కుమారుడు అని ఆపుతాడు. మనుషులందరూ ఆ ఇంట్లోకి వచ్చేశారు.

మత్తయి జాబితాలో యెకొన్యా అనే పేరుంటుంది, బబులోనుకు బందీగా పోయిన రాజు. యెహోయాకీను అన్నా అతనే. ఆ బబులోను శిథిలాల్లో తవ్వకాల్లో మట్టిపలకలు దొరికాయి. వాటిని 1939లో ప్రచురించారు. రాజుగారి కొట్టునుంచి ఎవరెవరికి ఎంత సరుకు ఇచ్చారో రాసుకున్న చిట్టా అది, మన రేషను షాపు రిజిస్టరులాంటిది. అందులో యూదా రాజైన యెహోయాకీనుకు ఇంత నూనె, అతని అయిదుగురు కొడుకులకు ఇంత నూనె అని ఉంది. ఒక పలక మీద క్రీ.పూ. 592కు సరిపోయే తేదీ కూడా ఉంది. నాకు ఈ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడడం ఇష్టం. ఒకటి గెలిచినవాళ్ల గుమాస్తా రాసింది. అందులో ఆ మనిషి కొన్ని గిద్దెల నూనె ఖర్చు. ఇంకోటి ఓడినవాళ్ల బిడ్డలు రాసుకున్నది. అందులో అతను షయల్తీయేలు తండ్రి, జెరుబ్బాబెలు వంశానికి మూలం, యేసుకు పితరుడు. ఆ నూనె కొలిచిన గుమాస్తాకు తన ముందు నిలబడింది ఎవరో తెలియదు.

ఆ తర్వాత మత్తయిలో అబీహూదు, అజోరు, ఆకీము, ఎలీహూదు అని కొన్ని పేర్లు వస్తాయి. పాత నిబంధనలో వీళ్ల కథలేవీ లేవు. రాజ్యం పోయాక పుట్టి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని పోయినవాళ్లు. వాళ్లలో ఒక్కరు లేకపోయినా యోసేపు దాకా వరస రాదు.

ఇక మీ చివరి మాట. చెప్పుకోడానికి ఏమీ లేదన్నారు. మన సంఘాల్లో "మాది నాలుగు తరాల కుటుంబం", "మా ముత్తాతకు దొరగారు బాప్తిస్మమిచ్చారు" అని చెప్పుకునేవాళ్ల మధ్య కొత్తగా వచ్చిన కోడలు ఎంత చిన్నబోతుందో నేను చూశాను. పెళ్లి సంబంధాల దగ్గర ఇంకా ఎక్కువ. అది మంచి సంగతి కాదు, అలా అనేవాళ్లకు అది చెప్పాల్సినవాళ్లం మేమే. చెర నుంచి వచ్చినవాళ్ల లెక్కలో ఎజ్రా ఇంకో సంగతి రాశాడు. తేల్మెలహు, తేల్హర్షా లాంటి ఊళ్లనుంచి 652 మంది వచ్చారు, తాము ఏ ఇంటివాళ్లో చూపించుకోలేకపోయారు. యాజకులమని చెప్పి వంశం చూపలేనివాళ్లను యాజకత్వానికి దూరం పెట్టారు, అది నిజమే. కానీ ఈ 652 మందిని వెనక్కి పంపలేదు. మిగతావాళ్లతోపాటే లెక్కలో చేర్చి, చూపించుకోలేకపోయారన్న మాట కూడా రాసి, పుస్తకంలో ఉంచారు. కాగితం లేనివాళ్ల పేరుతోనే ఒక వరస ఉంది బైబిల్లో.

ఇంక రూతు. ఆ గ్రంథం మీరు ఈమధ్యే చదివి ఉంటారు. అత్త, కోడలు, ఇద్దరికీ భర్తల్లేరు, కోడలు పరాయి దేశపు పిల్ల. మోయాబువాళ్లు పదో తరం దాకా యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండములో ఉంది. ఆ మోయాబు పిల్ల అత్తకోసం పరిగె ఏరుకుంది. కథ అయిపోయింది అనుకున్నాక చివర ఒక చిన్న జాబితా ఉంటుంది. అది చదవకుండా పుస్తకం మూసేస్తారు చాలామంది. పెరెసు నుంచి దావీదు వరకు పది పేర్లు. రూతు కొడుకు ఓబేదు, మనవడు యెష్షయి, మునిమనవడు దావీదు. పదో తరం దాకా గుమ్మం బయట ఉండాల్సిన ఇంట్లో మూడో తరానికి రాజు పుట్టాడు. వంశం ఉంది కాబట్టి ఆమెను చేర్చుకోలేదు. ఆమె రావడంతో ఆ వంశానికి పేరొచ్చింది. మీ ఇంట్లో రాత్రిపూట చదువు రాని అత్తగారికి వాక్యం చదివి వినిపిస్తున్నది ఎవరు? ఆ నాలుగు తరాలవాళ్లలో ఒకరు కాదు కదా.

మత్తయి ఆ రూతును తన జాబితాలో పేరుపెట్టి రాశాడు. తామారును రాశాడు, రాహాబును రాశాడు. సొలొమోను తల్లి బత్షెబ దగ్గరికి వచ్చేసరికి పేరు రాయలేదు, ఆమె మొదటి భర్త పేరుతో "ఊరియా భార్య" అన్నాడు. ఎందుకని చాలామంది చాలా చెబుతారు. దావీదు చంపించిన మనిషి పేరు దావీదు వంశావళిలోంచి ఎవరూ చెరిపేయకుండా అలా నిలిపాడని నేననుకుంటాను. అయినా ఆ చోట నాకు ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. మా ఊరి మందిరంలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఒకసారి తెరిచి చూశాను, అట్ట ఊడిపోయి చెదలు పట్టి ఉంది. మా ముత్తాత పేరు సిరాతో గుండ్రంగా, స్పష్టంగా ఉంది. దాని కింద వరసలో "ఇతని భార్య" అని మాత్రమే ఉంది. ఆమె మొదట నమ్మిందని, తర్వాతే ఆయన వచ్చాడని మా నాయనమ్మ చెప్పేది. ఆమె పేరు ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాయనమ్మ ఉన్నప్పుడు అడగలేదు నేను.

అందుకని ఈ వారంలో ఒక రాత్రి పుస్తకం పక్కన పెట్టి మీ అత్తగారిని అడగండి. వాళ్ల అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, మొదట నమ్మినావిడ పేరు. తర్వాత మీ అమ్మ పేరు, మీ అమ్మమ్మ పేరు కూడా, వాళ్లు విశ్వాసులు కాకపోయినా సరే. బైబిలు మొదట్లో ఖాళీ కాగితం ఉంటుంది కదా, అక్కడ రాసి పెట్టండి.

ఆవిడ నవ్వారని రాశారు, మగవాళ్లు కనడమేంటని. ఆ నవ్వు నాకు చాలా నచ్చింది. ఎందుకంటే నలభై ఏళ్లుగా ఆ అధ్యాయం ప్రతి క్రిస్మస్‌కీ వింటూ నాకు తట్టనిది ఆవిడకు ఒక్క వాక్యంతో తట్టింది. ఈసారి మళ్లీ చదివేటప్పుడు ఆవిడ నవ్వినా ఆపకుండా చదవండి. అబ్రాహాము కనెను, ఇస్సాకు కనెను, యాకోబు కనెను, దాదాపు నలభైసార్లు తండ్రులే కంటారు. గొంతు ఎక్కడా మార్చకండి. పదహారో వచనానికి వస్తారు: "యాకోబు మరియ భర్తయైన యోసేపును కనెను, ఆమెయందు క్రీస్తు అనబడిన యేసు పుట్టెను." యోసేపు కనెను అని లేదు. అంతసేపూ నడిచిన దరువు అక్కడ ఆగిపోయింది, తల్లి వచ్చింది. మీరేమీ చెప్పకండి. ఆవిడ ఏమంటారో విని, నాకు రాయండి. మీ ఇంట్లో అందర్నీ పేరు పేరునా అడిగానని చెప్పండి.